పాత పనిముట్ల పెట్టె: ఏ రకం కొనాలి, కొన్నాక ఎంతవరకు చెయ్యి పెట్టాలి

పాత పనిముట్ల పెట్టె కొనడానికి వెళ్లినవాళ్లలో చాలామంది మూత మీద మెరుపు చూసి మనసు పడేసుకుంటారు. నేనైతే ముందు ఒక సొరుగు లాగి చూడమంటాను. రెండు వేళ్లతో లాగితే ఏ పక్కకూ ఒరగకుండా రావాలి. తోస్తే చివరిదాకా అదే నడకతో వెళ్లాలి. అలా నడిచిందంటే పెట్టె చట్రం ఇంకా మూలమట్టంగానే ఉంది. మెరుపు తర్వాతైనా తెప్పించుకోవచ్చు. చట్రం వంకరపోతే మాత్రం మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. అంత పనీ చేశాక మిగిలేది పాత చెక్కతో చేసిన కొత్త పెట్టె.

ఎంపికలో నేను పట్టుకునే సూత్రం ఒక్కటే. మీ చేత అయ్యే లోపాలు పది ఉన్నా ఆ పెట్టె తీసుకోండి. మీ చేత కాని లోపం ఒక్కటున్నా, ఎంత అందంగా కనిపించినా వదిలేయండి. ఏ లోపం ఏ కోవలోకి వస్తుందన్నది పెట్టె రకాన్ని బట్టి మారుతుంది. అందుకని ముందు రకాల సంగతి చూద్దాం.

నేల మీద కూర్చునే వడ్రంగి పెట్టె

పైకి తెరుచుకునే పెద్ద మూత. లోపల ముందుకీ వెనక్కీ జరిపే రెండు మూడు వరసల తట్టలు. అడుగున చిత్రికలకు చోటు, రంపాలకు విడిగా ఒక అర. ఇంగ్లండ్‌లో 18, 19 శతాబ్దాల వడ్రంగులు తమ కోసం తామే చేసుకున్న పెట్టెలు ఈ రకానివి. బయట మామూలు పైన్ చెక్క మీద ముదురు రంగు కొట్టి ఉంటుంది. మూత ఎత్తితే మహాగని పలకలు, పొదుగుడు పనీ కనిపిస్తాయి. బయటి భాగం దెబ్బలు తినడానికి, లోపలి భాగం యజమాని పనితనం చూపించడానికి.

ఈ రకంలో తప్పక తెలుసుకోవలసింది బెంజమిన్ సీటన్ పెట్టె. 1796లో తండ్రి అతనికి లండన్‌లోని క్రిస్టఫర్ గాబ్రియెల్ దుకాణం నుంచి పనిముట్లు కొనిచ్చాడు. వాటి కోసం 1797లో బెంజమిన్ ఈ పెట్టె చేసుకున్నాడు. పనిముట్లు పెద్దగా వాడకుండానే ఉండిపోవడంతో ఆనాటి వడ్రంగి దగ్గర ఏమేం ఉండేవో చెప్పే సాక్ష్యంగా అది మిగిలింది. కెంట్ ప్రాంతంలో రోచెస్టర్ పట్టణపు గిల్డ్‌హాల్ మ్యూజియంలో ఉంది. తట్టల్లో దేని చోటు దేనికి కేటాయించారో గమనిస్తే, మన చేతికి వచ్చిన పెట్టెలో ఏ అర ఎందుకుందో ఊహించడం తేలికవుతుంది.

ఈ పెట్టెలో ఎక్కువగా పాడయ్యేది అడుగు. తడి నేల మీద దశాబ్దాలు కూర్చున్నందువల్ల అడుగు పలకలు పుచ్చిపోతాయి. ఇది భయపడాల్సిన లోపం కాదు. మామూలుగా ఆ పలకలను కింద నుంచి మేకులతో కొట్టి ఉంచుతారు, తీసి కొత్తవి వేసుకోవచ్చు. తట్ట ఒకటి పోయినా చేసుకోవచ్చు. మూలల్లో డవ్‌టెయిల్ అతుకులు (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి దిగే అతుకులు) విడిపోయి, వాటి మధ్య ఎవరో మేకులు దిగ్గొట్టి ఉంటే మాత్రం ఆలోచించాలి. ఆ మేకులు చెక్కను చీల్చి ఉంటాయి. లాగితే ఇంకా చీలుతుంది.

కాలం అంచనాకు మరలు, మేకులు బాగా పనికొస్తాయి. చెక్కలో దిగే, మొన సూదిగా ఉండే ఇనుప మరలు అమెరికాలో 1840ల తర్వాతే మామూలయ్యాయి, అంతకుముందువి మొద్దు మొనవి. తీగ నుంచి చేసిన గుండ్రటి మేకులు 19వ శతాబ్దం చివర్లో విస్తరించాయి, అంతకుముందువి పలక నుంచి కత్తిరించిన నలుపలకల మేకులు. తలపై ప్లస్ గుర్తున్న ఫిలిప్స్ మర కనిపిస్తే ఆ బందు 1930ల నడుమకు ముందు వేసినది కాదు. ఒక్క మర చూసి పెట్టె వయసు తేల్చకండి, బందులు మధ్యలో మార్చి ఉండొచ్చు. నాలుగైదు చోట్ల ఒకే సాక్ష్యం దొరికితే నమ్మండి.

ఎవరికి? చేతి చిత్రికలు, ఉలులు, రంపాలు రోజూ వాడేవాళ్లకు. మిగతావాళ్లకు నేను చెప్పను. ఎత్తడానికి ఇద్దరు కావాలి, అడుగున ఉన్నది తీయడానికి ప్రతిసారీ వంగాలి, పెట్టె మీద ఇంకేదైనా పెట్టారంటే ఇక మూత తెరవరు.

మెషినిస్టు ఓక్ పెట్టె

నాకు అన్నింటికన్నా ఇష్టమైన రకం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

లేత్ మీద, మిల్లింగ్ యంత్రం మీద పని చేసేవాళ్లు మైక్రోమీటర్లు, కాలిపర్లు, డయల్ గేజీల్లాంటి కొలత పనిముట్లు దాచుకోవడానికి చేసిన పెట్టె ఇది. బల్ల మీద పట్టేంతే ఉంటుంది. ముందు పలక తీసి అడుగు సొరుగు కింద ఉన్న సందులోకి తోసేయవచ్చు. పలక మూసి పై మూత దించితేనే తాళం పడుతుంది, కాబట్టి ఒక్క తాళంతో అన్ని సొరుగులూ బందోబస్తు. పై మూత లోపల చిన్న అద్దం ఉంటుంది. కంట్లో పడ్డ ఇనుప రజను తీసుకోవడానికి అని పాత పనివాళ్లు చెబుతారు. నడుమ ఎత్తుగా ఉండే సొరుగు చాలా పెట్టెల్లో కనిపిస్తుంది. 1914 నుంచి వస్తున్న మెషినరీస్ హ్యాండ్‌బుక్ అనే లావుపాటి చిన్న పుస్తకం అందులో సరిగ్గా పడుతుంది.

పేరున్న తయారీదారు గెర్‌స్ట్‌నర్. అచ్చులు చేసే పని నేర్చుకుంటున్న హ్యారీ గెర్‌స్ట్‌నర్ తన కోసం ఒక పెట్టె చేసుకుంటే, తోటివాళ్లు మాకూ చేసిపెట్టమన్నారు. అలా 1906లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో మొదలైన సంస్థ ఇప్పటికీ పెట్టెలు చేస్తోంది. యూనియన్ పేరుతో వచ్చిన పెట్టెలు న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌వి (సీటన్ పెట్టె ఉన్న రోచెస్టర్ ఇంగ్లండ్‌ది, రెంటినీ కలపకండి). బ్రిటన్ వైపు నెస్లైన్, ఎమిర్, షెఫీల్డ్‌కు చెందిన మూర్ అండ్ రైట్ పేర్లు తరచూ కనిపిస్తాయి.

మంచి పెట్టెల్లో వాడింది క్వార్టర్ కోత ఓక్. దుంగను కేంద్రం వైపు నిలువుగా కోసి తీసిన పలక అది. మీద మెరిసే పొలుసుల్లాంటి చారలు కనిపిస్తాయి. అందం కోసమే ఈ కోత ఎంచుకోలేదు. ఇలా కోసిన ఓక్ వెడల్పులో ఉబ్బడం, కుంచించుకోవడం మామూలు కోత పలకలో సుమారు సగమే ఉంటుంది. వెంట్రుకవాసి సందుతో నడిచే సొరుగులకు ఆ తేడా చాలా పెద్దది. నల్లటి కృత్రిమ తోలు అతికించిన పెట్టెలు కూడా ఉన్నాయి. ఆ గుడ్డ ఊడిపోతే కింది చెక్క చూసి కంగారు పడతారు, అది కప్పడానికి ఉద్దేశించిన చెక్క. గుడ్డ తీసేసి పాలిష్ చేసినా ఓక్ పెట్టె అవదు. అలాంటిది గుడ్డ బాగున్నప్పుడే కొనండి.

కొనేటప్పుడు చూడవలసిన వరస: ముందు పలక అసలుదే ఉందా? ఇదే చాలా పెట్టెల్లో పోయి ఉంటుంది. పని బల్ల దగ్గర తీసి పక్కన పెట్టినది మళ్లీ పెట్టెను చేరదు. కొత్తది చేయించుకోవచ్చు గానీ చెక్క చారలు, రంగు కలవవు. తర్వాత సొరుగులన్నీ బయటికి తీసి వెనకవైపు, అడుగున చూడండి. పెన్సిల్‌తో అంకెలు రాసి ఉంటాయి. ఏ సొరుగు ఏ చోటుకు సరిపెట్టారో ఆ చోటే దానిది. ఒక సొరుగు బిగుసుకుంటే, చెక్క ఉబ్బిందని చిత్రిక పట్టే ముందు అది తన చోట్లోనే ఉందో లేదో చూడండి. ఉన్నా బిగుసుకుంటుంటే పెట్టెను ఇంట్లో పొడి చోట నాలుగైదు వారాలు సొరుగులు తీసి ఉంచండి. తేమ తగ్గితే తానే వదులవుతుంది. వర్షాకాలంలో బిగుసుకున్న సొరుగును చిత్రిక పడితే ఎండల్లో అది గలగలలాడుతుంది. తీసిన చెక్కను తిరిగి పెట్టలేం.

ఉక్కు పెట్టె

ఇదే లోపలి అమరిక ఉక్కు రేకుతో. ఒహాయోలోని వాన్ వర్ట్‌లో 1911లో మొదలైన కెనడీ పెట్టెల గోధుమరంగు ముడతల పూత చూడగానే గుర్తుపట్టవచ్చు. ఆ ముడతలు పాతబడి వచ్చినవి కావు, పూసేటప్పుడే కావాలని తెప్పించినవి. గీతలు, వేలిముద్రలు అందులో కలిసిపోతాయి.

ఉక్కు పెట్టెలో లోపాలు దాక్కోవు. సొట్ట కనిపిస్తుంది, తుప్పు కనిపిస్తుంది. సొరుగు అడుగున ఫెల్ట్ గుడ్డ ఎత్తి చూడటం ఒక్కటి మరవకండి. తడి పట్టుకున్న ఫెల్ట్ కింద రేకు చిల్లులు పడి ఉండొచ్చు. పైపై తుప్పు చేత అయ్యే లోపం. చిల్లు, వంగిన పట్టాలు, పెట్టెను పడేసినందువల్ల మూల నొక్కుకుపోయి మూత కలవకపోవడం మామూలు చేతికి కాని లోపాలు. ముడతల పూతను సరిగ్గా అతకడం కూడా కష్టం. ఆ రంగు మందంగా పూసి వేడి తగిలిస్తేనే ముడత వస్తుంది, పక్కనున్న పాత ముడతతో కలవదు. అందుకే చిన్న గీతలుంటే వదిలేయండి, లేదా మొత్తం పూయించండి. మధ్యరకం మరమ్మతు అసహ్యంగా ఉంటుంది.

మరి ఏది?

మొదటి పెట్టె అయితే, రోజూ వాడాలంటే, సొరుగులు తిన్నగా ఉన్న ఉక్కు పెట్టె తీసుకోండి. తేమ మారినా సొరుగు ఉబ్బదు, నూనె చుక్క పడ్డా మరక పట్టదు. పైగా ఓక్ నుంచి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మూసిన పెట్టెలో సీసం వస్తువులకు అది బాగా చెరుపు, ఉక్కుకు కూడా మంచిది కాదు. కొలత పనిముట్లు నెలల తరబడి ముట్టుకోకుండా దాచేవాళ్లకు ఇది ముఖ్యం. తరచూ తెరిచి, తుడిచి, పలుచగా నూనె పట్టించేవాళ్లకు ఇబ్బంది లేదు. తుప్పు ఆపే ఆవిరి వదిలే వీసీఐ కాగితం ముక్క ప్రతి సొరుగులో వేసుకుంటే చాలు. పాతకాలంలో కర్పూరం బిళ్ల వేసేవారు.

చెక్క పని నేర్చుకోవాలన్న కోరిక ఉంటే ఓక్ పెట్టె. ముందు పలక, సొరుగులన్నీ ఉండి, పూత మాత్రమే మాసిపోయిన పెట్టె దొరికితే దానికంటే మంచి గురువు లేదు. తళతళలాడే పెట్టె, మాసిన పెట్టె పక్కపక్కన ఉంటే నేను మాసినదే తీసుకుంటాను. తళతళలాడే దాని మీద ఎవరో కొత్తగా పాలియురిథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత కొట్టి ఉండే అవకాశం ఎక్కువ. దాని కింద ఏ పగుళ్లు, ఏ మైనపు పూడికలు ఉన్నాయో ఇక తెలియదు.

తయారీదారు పేరు పలకకు ఎంత విలువివ్వాలి? ప్రదర్శనకు కొనేవాళ్లకు చాలా. వాడకానికి కొనేవాళ్లకు దాదాపు ఏమీ లేదు. యజమాని స్వయంగా చేసుకున్న, పేరు లేని పెట్టెల్లో అద్భుతమైనవి ఉంటాయి. హెన్రీ స్టడ్లీ (1838–1925) పెట్టెనే చూడండి. మసాచుసెట్స్‌లో పియానోలు చేసే ఈయన గోడకు తగిలించే మహాగని పెట్టెలో 250కి పైగా పనిముట్లు పట్టించాడు. నల్లచేవ కర్ర, రోజ్‌వుడ్, ముత్యపు చిప్ప పొదుగులతో ఒకదాని వెనక ఒకటి తెరుచుకునే పలకలు. మూసిన పెట్టె ఎత్తు ఒక మీటరుకు దగ్గర. ఏ ఫ్యాక్టరీ చేసిందీ కాదది.

ఎంతవరకు బాగుచేయాలి

ఇక్కడే ఎక్కువ పెట్టెలు పాడవుతాయి. మూడు దారులున్నాయి: తుడిచి వదిలేయడం, పాత పూతను నిలబెట్టడం, మొత్తం గీకి కొత్తగా వేయడం. నా మొగ్గు రెండోదాని వైపు. మూడోది పాత పూత పొలుసులుగా రాలిపోతున్నప్పుడే. చేతులు పట్టిన చోట చెక్క నల్లబడి నునుపెక్కిన తీరు, మూత అంచున అరిగిన గుంట ఒక్క గంట గరుకు కాగితంతో పోతాయి, మళ్లీ రావు.

రెండో దారి పట్టాలంటే మీద ఉన్న పూత ఏదో తెలియాలి. కనిపించని చోట, అంటే వెనక పలక కింది అంచున, దూదితో స్పిరిట్ (ఆల్కహాల్) అద్దండి. జిగురుగా కరిగితే అది లక్క పాలిష్. కరగకపోతే లాకర్ (త్వరగా ఆరే మెరుపు పూత) పలుచన చేసే థిన్నర్ అద్దండి. దానికి కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్, 1920ల నుంచి వాడకంలోకి వచ్చింది. రెంటికీ చలించకపోతే వార్నిష్ లేదా ఆ తర్వాతి కాలపు పూత. లక్క పాలిష్ అయితే మీ అదృష్టం. కొత్త పొర పాత పొరను కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది. పగిలిన లక్క పూత మీద స్పిరిట్‌తో తడిపిన బ్రష్ తేలిగ్గా నడిపినా పగుళ్లు సర్దుకుంటాయి. గీకాల్సిన పనే ఉండదు.

దానికన్నా ముందు మురికి తీయాలి. మినరల్ టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డ నూనె జిడ్డును, పాత మైనాన్ని తీస్తుంది, పూత జోలికి పోదు. నేను మొదటి ఓక్ పెట్టెకు సబ్బునీళ్లూ స్టీల్ ఊలూ కలిపి వాడాను. మరుసటి రోజుకు చెక్క నిండా నల్లటి చుక్కలు. ఓక్‌లోని టానిన్ తడిలో ఇనుముతో కలిస్తే సిరాలాంటి నలుపు పుడుతుంది. స్టీల్ ఊలు పోగులు చెక్క రంధ్రాల్లో చిక్కి ఆ పని చేశాయి. ఆక్సాలిక్ ఆమ్లం పెట్టి ఆ నలుపు తీశాను. అది విషం, తొడుగులూ ముక్కుకు మాస్కూ లేకుండా ముట్టుకోకూడదు. ఓక్ మీద స్టీల్ ఊలు మైనంతోనే వాడండి, నీళ్లతో వద్దు. కంచు ఊలు దొరికితే ఇంకా మంచిది.

వడ్రంగి పెట్టె మీది పాత రంగులో సీసం ఉంటుందనే అనుకుని పని చేయండి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో మాత్రమే. పొడిగా గరుకు కాగితం పట్టకండి. గట్టిగా అంటుకుని ఉన్న రంగును తుడిచి, మీద మైనం పూసి వదిలేయడమే క్షేమం, అందం కూడా.

తుప్పుకు ఏ పద్ధతి? బందులు, పిడులు నికెల్ పూత ఉన్నవైతే ఆమ్లాల జోలికి వెళ్లొద్దు, లోహపు పాలిష్‌తో తుడవండి. జింకు పూత ఉంటే వెనిగర్, నిమ్మ ఉప్పు నీళ్లు ఆ పూతనే తినేస్తాయి. పూత లేని ఇనుప భాగాలకు నిమ్మ ఉప్పు చవకైన దారి, కానీ గంటగంటకూ చూడాలి, మరిచిపోతే మంచి లోహం కూడా తగ్గుతుంది. తుప్పునే పట్టి తీసే ద్రావకాలు ఖరీదు ఎక్కువ, కాని రాత్రంతా వదిలేసినా భయం లేదు. కరెంటు పద్ధతి బాగా తినేసిన ముక్కలకు మంచిది. నాలుగు లీటర్ల నీళ్లలో ఒక పెద్ద చెంచా చాకలి సోడా కలిపి, 12 వోల్టుల చార్జర్ నెగెటివ్ కొసను తుప్పు ముక్కకు, పాజిటివ్ కొసను మామూలు ఇనుప ముక్కకు కలపాలి. ఆ రెండో ముక్కగా స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. హైడ్రోజన్ కూడా పుడుతుంది కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయండి. రంగు నిలవాలనుకున్న రేకుకు ఈ పద్ధతి పనికిరాదు, సోడా రంగును ఊడదీస్తుంది. అక్కడ నూనె, మెత్తటి ఊలు, ఓపిక.

ఫెల్ట్ మార్చాల్సి వస్తే ఉన్ని ఫెల్ట్ తీసుకుని, తోలూ ఎముకలూ ఉడికించి చేసే పాతకాలపు బంకతో అతికించండి. గోరువెచ్చటి నీళ్లకు అది వదులుతుంది, తర్వాతివాళ్లు తేలిగ్గా మార్చుకోగలరు. రబ్బరు బంక కొన్నేళ్లకు గట్టిపడి సొరుగు అడుగుకు పొరలా పట్టేస్తుంది. చెక్క మీంచి దాన్ని గీకడం కంటే పెద్ద శిక్ష ఈ పనిలో లేదు.

ముక్క వాసన వస్తుంటే సొరుగులు తీసి నాలుగు రోజులు ఆరబెట్టి, అప్పటికీ పోకపోతే లోపలి పచ్చి చెక్క మీద మైనం తీసిన లక్క పాలిష్ ఒక పొర పూయండి. చాలావరకు వాసన దాని కింద ఆగిపోతుంది. సొరుగు పక్కలకు మాత్రం పూయకండి, బిగుసుకుంటుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దితే చాలు. చిన్న గుండ్రటి పురుగు రంధ్రాలుంటే కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు చూడండి. తెల్లటి పొడి రాలితే పురుగు బతికే ఉంది, మందు వేసేదాకా ఇంట్లోని మిగతా చెక్క సామాను పక్కన ఆ పెట్టెను పెట్టొద్దు.

తాళంచెవి లేని పెట్టెను ఉలితో ఎత్తకండి. తాళం ముఖం మీద అంకె చెక్కి ఉందేమో చూడండి. చాలా సందర్భాల్లో ఆ అంకె చెబితే తాళాలవాళ్లు చెవి చేసి ఇస్తారు. తెరిచాక మూత లోపల, సొరుగుల వెనక పాత యజమాని పేరు, షాపు నంబరు, కొలతల లెక్కలు కనిపిస్తే ముందు ఫొటో తీసుకోండి. తుడిచే గుడ్డ అక్కడికి చేరే ముందే ఆ చోటు చుట్టూ టేపు అతికించండి.